స్టెల్లా పేరుతో చేరిన వాక్యం

యానాంలో ప్రైవేట్ డిటెక్టివ్ సరోజిని ఆఫీసు తెరిచి కూర్చుందో లేదో, మెడకు స్కార్ఫ్ చుట్టుకున్న కూతురి చెయ్యి పట్టుకుని ఆగ్నెస్ లోపలికి వచ్చింది.

"మా స్టెల్లాని కాలేజీలోంచి తీసేత్తామంటన్నారండీ! గొంతు ఆపరేషనై పిల్లకింకా మాటే రావట్లేదు. ఎలా చెప్పుకుంటాదండీ?"

"ఊరుకోండమ్మా, మేడమ్‌గారు చూసుకుంటారు" అన్నాడు అసిస్టెంట్ సత్తిబాబు. ఆమెకు అంతుపట్టని కేసు ఉండదని అతని నమ్మకం.

స్టెల్లా సంగతంతా ఫోన్‌లో టైపు చేసి చూపించింది. రొయ్యల చెరువుల పక్కనున్న బావుల నీటిని ముగ్గురు విద్యార్థులు పరీక్షించారు. లెక్చరర్ ధనశ్రీ ఆన్‌లైన్‌లో ఒకే ఫైల్ తెరిచి ముగ్గురికీ షేర్ చేస్తే, ఫలితాలు అందులోనే రాశారు. ఈ ఉదయం అవన్నీ మాయమై ఒక్క వాక్యం మిగిలింది.

"బావుల్లో నీళ్లు మంచివే కనకాలపేట కనకాలపేట ఎవరూ భయపడక్కర్లేదు."

మార్పు జరిగింది స్టెల్లా అకౌంట్ నుంచే. మధ్యాహ్నం విచారణ.

"నీ అకౌంట్ ఇంకెవరి ఫోన్‌లోనైనా తెరిచావా?" అడిగింది సరోజిని.

"ఆసుపత్రికి వెళ్లేముందు, నాతో పరీక్షలు చేసిన కీర్తి, సతీష్ ఫోన్లలో తెరిచాను. నేను తీసిన బావుల ఫొటోలు ఫైల్‌లో ఎక్కిస్తారని" అని టైపు చేసింది స్టెల్లా.

నలుగురూ కాలేజీకి వెళ్లారు. ధనశ్రీ అప్పటికే కోపంగా ఉంది.

"కనకాలపేటలో మేం ఒక్క బావీ చూడలేదండి. కంగారులో ఏదో టైపు చేసుంటుంది."

సరోజిని విద్యార్థులిద్దరినీ పిలిపించింది. "పొద్దున్న ఎక్కడున్నావమ్మా?"

"నాన్నగారి బండి మీద ఇంటి నుంచి తిన్నగా క్లాసుకొచ్చేశానండి" అంది కీర్తి.

"నువ్వు?"

"ఆటో స్టాండులోనండి. చాలాసేపు ఆటో దొరకలేదు" అన్నాడు సతీష్.

సరోజిని అందరినీ కూర్చోమని, తన ఫోన్‌లో మైకు గుర్తు నొక్కింది.

"సత్తిబాబూ, ఆటో ఎక్కమని జనాన్ని కేకెయ్."

ఆమె ఆ వాక్యం పలుకుతుంటే మధ్యలో సత్తిబాబు "కనకాలపేట! కనకాలపేట!" అని అరిచాడు. తెర మీద అదే వాక్యం పడింది, ఒక్క అక్షరం తేడా లేకుండా.

"ఇది వేళ్లతో రాసింది కాదు. ఎవరో మాట్లాడితే ఫోన్ రాసుకుంది. పక్కనున్న ఆటో డ్రైవర్ కేక కూడా కలిసిపోయింది. స్టెల్లాకి మాటే రాదు. కీర్తి బండి మీద వచ్చింది. తిరిగి చదువుకోకుండా ఫోన్ జేబులో పెట్టేసుకున్నావు కదూ, సతీష్?"

సతీష్ ముఖం పాలిపోయింది. "ఆ ఫలితాలు బయటకొస్తే, బావుల్ని పాడుచేశాయని మా నాన్నకున్న రొయ్యల చెరువుల్ని ఆఫీసర్లు మూయించేత్తారండీ!"

"మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?"

అతను తల దించుకున్నాడు. "టిన్ను నీళ్లండి."

"మేం తాగేది ఆ చెరువుల పక్క బావి నీళ్లే, బాబూ" అంది ఆగ్నెస్.

ధనశ్రీ స్టెల్లా దగ్గరికొచ్చి "క్షమించమ్మా" అంది. తర్వాత ఫైల్ పాత ప్రతిని వెనక్కి తెచ్చింది. చెరిపేసిన ఫలితాలు ఒక్కొక్క బావి పేరుతో తెర మీదికి వస్తుంటే, అందరూ ముందుకు వంగి చదివారు.