కడుపులో మలీద

“సీతాఫలాలు పండినయా?”

“పండినయి సార్. ఇంకా చెట్టు మీదనే ఉన్నయి.”

కోడ్ సరిపోయింది. ఫోన్‌లో బాస్ నవీద్ గొంతు తగ్గించాడు. “రఘుపతీ, విను. డాక్టర్ అమీనా చేసిన కొత్త స్కానింగ్ సాఫ్ట్‌వేర్ మీద విదేశీ ముఠా కన్నేసింది. అది ఇయ్యాల నల్లగొండ దాటితే ఆమె కష్టమంత గంగల కలుస్తది. ఆమె ల్యాబ్ గేటు కాడ ఎవ్వల్నీ చెక్ చెయ్యకుండ ఇడువకు. ఎవ్వలేమిచ్చినా తినకు.”

సెక్యూరిటీ గార్డు వేషంలో ఏజెంట్ రఘుపతి చీపురుకట్టను కూడా డిటెక్టర్‌తో తడిమాడు.

మధ్యాహ్నం అమీనా దగ్గర పనిచేసే ప్రోగ్రామర్ అనూహ్య వచ్చింది. నల్లకళ్లద్దాలు, మనిషిని నిలబెట్టేసే నవ్వు, అరచేతిలో రొట్టె, బెల్లం కలిపి దంచిన చిన్న మలీద ముద్ద.

“పీర్ల కాడి ప్రసాదం. కండ్లకద్దుకొని నోట్లేసుకో. డ్యూటీ దిగినంక హైదరాబాద్ దాంక నా కార్ల దింపుత.”

పీర్ల మలీద వద్దంటే కళ్లు పోతాయనీ, పంటికి తగలనీయకూడదనీ భువనగిరిలో వాళ్ల అవ్వ పెంచిన భయం. బాస్ ఆర్డర్ అవ్వ ముందు ఏపాటి? గుటుక్కున మింగేశాడు.

ఇంతలో అమీనా పిలిచింది. “టెస్టుకొస్తనన్నాయన రాలే. జర నువ్వు పండుకో. పరిగడుపునే ఉన్నవా?”

“ఉన్న మేడమ్.” డ్యూటీలో తిన్నానని ఏ మొహంతో చెప్తాడు?

స్క్రీన్ మీద అంతా మసక.

“గిది మామూలు స్కాన్, చిన్న కిటికీలకెళ్లి చూసినట్టు,” అంది అమీనా, ప్రోబ్‌ను కడుపు మీద మెల్లగా జరుపుతూ. “గిప్పుడు జాగ జాగల వచ్చిన ప్రతిధ్వనులను కంప్యూటర్ ఒక్కతాన కలుపుతది. అపర్చర్, అంటే ఆ కిటికీ, పెద్దగైతది, లోపలిది సాఫ్‌గ కనవడ్తది.”

కనబడింది. మలీద నలుసులు. వాటి మధ్య, గోరంత నలుచదరపు మెమరీ కార్డు.

“పరిగడుపంటివి?”

రఘుపతికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. అందరినీ చెక్ చేసేవాణ్ణి ఎవరూ చెక్ చెయ్యరు. అది తెలిసే అనూహ్య సాఫ్ట్‌వేర్‌ను దాటించడానికి వాణ్ణే మూట చేసింది. మోసపోయినందుకు కాదు, అమీనా కళ్లలోకి చూస్తూ అబద్ధమాడినందుకు వాడి తల లేవలేదు.

కిటికీలోంచి ఇదంతా చూసిన అనూహ్య కారు తీసింది. కడుపు మీది జెల్లీతోనే రఘుపతి ఉరికి, గేటు కడ్డీ దించాడు. కారు ముక్కు కడ్డీకి జానెడు దూరంలో ఆగింది.

సాయంత్రం నవీద్ వచ్చాడు. “అందర్ని చెక్ చేసినవా?”

“చేసిన సార్.”

“నిన్ను?”

రఘుపతి డిటెక్టర్‌ను తన కడుపుకు ఆనించుకున్నాడు.

నవీద్ అతని భుజం తట్టాడు. “ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల నువ్వు చెంబు వట్టుకొని పోయేటప్పుడు ఎంబడి ఇద్దరు కానిస్టేబుళ్లను పంపుత.”