పక్కపక్కనున్న రెండు విలువలు

మా డిజైన్ ఆఫీసులో చెకింగ్ ఇంజనీరును అందరం చాటుగా ఎర్రపెన్ను అంటాం. నేను చేరిన మొదటి రోజే నా లెక్కల కాగితాన్ని గీతలతో నింపి తిప్పి పంపింది. అప్పటి నుంచీ ఆమె అంటే నాకు హడల్. ఆమె రాని రోజు ఆఫీసు బోసిపోతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మేం చేస్తున్న కాలినడక వంతెన డిజైన్‌లో ఆఖరి దశలో దీపస్తంభాలు చేర్చారు. దాంతో వంతెన లెక్కకు వాడే అంకెల పట్టిక, అంటే మాత్రిక, కొంచెం మారింది. దాని ఐగెన్ విలువలే వంతెన ఎంత వేగంతో ఊగుతుందో చెబుతాయి. లెక్క మొదటి నుంచీ చెయ్యడానికి బద్ధకించి, పాత విలువలకే చిన్న సవరణ కలిపి ఇచ్చేశాను.

"రెండో విలువా మూడో విలువా దాదాపు ఒకటేగా. అక్కడ ఈ షార్ట్‌కట్ పనిచేస్తుందంటారా?" అంది ఎర్రపెన్ను.

చిన్న మార్పేనండీ, పూచీ నాది అన్నాను రోషంగా. ఆమె మొదటిసారి గీత గీయకుండా సంతకం పెట్టింది. రెండ్రోజులు నా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఈ ఉదయం నలభైమందిని వంతెన మీద నడిపించి చూసే పరీక్ష. అందరికంటే ముందు నడిచేది ఆమె. గంట ముందు ఏదో అనుమానం పీకి, లెక్క మొత్తం మళ్లీ చేశాను. ఆ రెండు విలువలూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఒకటి పైకి పోయింది. రెండోది కిందికి దిగి, సరిగ్గా మనిషి అడుగు వేసే వేగం దగ్గర ఆగింది. నలభైమంది అడుగు కలిస్తే వంతెన ఉయ్యాలే.

ఆమెకు ఫోన్ చేస్తే ఎంతకీ ఎంగేజే. వానలో పరిగెత్తాను. ఉద్యోగం పోతుందన్న భయం మొదటి మలుపు దాకానే ఉంది. తర్వాతంతా ఆమె గురించే.

వంతెన ఖాళీగా ఉంది. మొదట్లోనే దారికి అడ్డంగా తాడు కట్టి, గొడుగు పట్టుకుని ఆమె నిలబడి ఉంది. నలభైమందీ గట్టున ఆగిపోయారు. అక్కడే ఉన్న మా మేనేజరు ముందే, లెక్కలో తప్పు నాదని రొప్పుతూ చెప్పేశాను.

"తెలుసు. పొద్దున్నే నేనూ ఆ లెక్క చేసి చూశాను. అప్పట్నుంచీ అందరికీ ఫోన్లే," అంది. "ఇకపై మీ లెక్కల చెకింగ్ ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పేశాను."

అంత కోపమా అని అడిగాను.

"కోపం కాదు, భయం. ఆ సంతకం ఇంకెవరికైనా అయితే పెట్టేదాన్ని కాదు. మీరు అడిగారని పెట్టాను."

మీకేమైనా అయితే నేను బతకలేననిపించిందండీ అన్నాను. ఆమె గొడుగు కాస్త నా వైపు జరిపింది.