పలక మీద రక్తకణాలు

ఆ ఉదయం కూడా ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. మనవడు ఏలీయాను మట్టి చేసి నాలుగు నెలలైంది. ఆరేళ్ల వాడు పాలిపోయి చనిపోవడానికి కోడలు హన్నమ్మ సరిగా తిండి పెట్టకపోవడమే కారణమని శాంతమ్మ నమ్మింది. అప్పటి నుంచి వేరే పొయ్యి పెట్టుకుంది, కోడలి చేతి అన్నం ముట్టలేదు. హన్నమ్మ పరాయిది కాదు, గోస్పాడులో ఉన్న తన తమ్ముడి కూతురే. హన్నమ్మ భర్త, బడిపంతులైన దేవరాజు, తల్లి అన్నది తప్పని ఒక్కసారీ చెప్పలేదు.

"బిడ్డను చూసిన డాక్టరమ్మ మనిద్దర్నీ రక్తమియ్యమనె కదా, పోదాం పా," అంది హన్నమ్మ భర్తతో. "తప్పు నాదని తేలితే ఆణ్నుంచే గోస్పాడుకు పోతా."

నంద్యాల ఆసుపత్రిలో ఇద్దరి వేళ్ల నుంచీ చెరో చుక్క తీసి, గాజు పలకల మీద పరిచి, రంగు వేశారు. డాక్టరమ్మ దేవరాజును మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి ముందు మంచి రక్తం చూపింది. కణాలన్నీ గుండ్రంగా, ఒకే తీరున ఉన్నాయి. రెండో పలకలో అలా లేవు. కొన్ని తాలు గింజల్లా ముడుచుకున్నాయి. కొన్ని కన్నీటిబొట్టులా సాగాయి. కొన్నిటి నడుమ చుక్క పెట్టినట్టుంది. అతను కన్ను తీయకుండా చూశాడు.

"ఇది ఎవరిదమ్మా?"

"మీ బాబుది. పారెయ్యలేదు."

దేవరాజు మళ్లీ వంగి చూశాడు. తర్వాతి రెండింటిలోనూ అవే ఆకారాలు, కాస్త తక్కువగా కనిపించాయి. ఒకటి హన్నమ్మది, ఒకటి తనది.

ఇలాంటి కణాలు తొందరగా పగిలిపోతాయనీ, ఇది తిండివల్ల రాదనీ ఆమె వివరించింది. ఈ లోపం ఒక పాలు మాత్రమే ఉన్నవాళ్లు మామూలుగానే బతుకుతారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరో పాలు వస్తే బిడ్డకు ముదురుతుంది. దగ్గరి సంబంధాల్లో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ.

ఇంటికి రాగానే దేవరాజు గూట్లోంచి కొడుకు పలక తీసి, బలపంతో ఆ ఆకారాలు గీసి తల్లి ముందుంచాడు.

"ఏందప్పా ఇవి?"

"నెత్తురులో ఉండేవి మా. గుండ్రంగా ఉండాల. మనోడివి ఇట్లుండాయి. ఈ పక్కవి హన్నమ్మవి."

"ఆ చివర్వి?"

"నావి."

శాంతమ్మ పలకను వెలుతురు వైపు తిప్పింది. "రెండూ ఒగే మాదిరి ఉండాయి."

"తిండివల్ల కాదు మా. మా ఇద్దర్నుంచీ వానికి పోయింది. నాకు తెలీదు. తెలీదనన్నా నీకు చెప్పల్యా."

గోస్పాడుకు పిల్లనడగను పోయింది నేనే కదా అని శాంతమ్మ మెల్లగా అంది. తర్వాత లేచి తన పొయ్యిలో నీళ్లు చల్లి, పళ్లెం తెచ్చుకుని కోడలి ముందు కూర్చుంది.

హన్నమ్మ వడ్డించింది. శాంతమ్మ ముద్ద కలిపి ఆగింది.

"వాడు తింటాండెనా మే?"

"కడుపునిండా తింటాండె అత్తా."

శాంతమ్మ ఆ ముద్ద తిని, పళ్లెం మళ్లీ కోడలి ముందుకు జరిపింది.