ఆదివారం మోకాలినొప్పి

పాలచాయ్‌లో ఉప్పు వేసి, పైన వెన్నముద్ద వదిలి, నౌబహార్ రెండు గిన్నెలూ పట్టుకుని వచ్చేసరికి తల్లి గుల్బెగిమ్ పిండితొట్టి ముందు కూర్చుని ఉంది. రొట్టెల పిండి పిసకడం ఎప్పుడో అయిపోయింది. వేళ్ళు మాత్రం తొట్టి అంచు మీద ఆడుతూనే ఉన్నాయి. బొటనవేలు ఒకసారి, వెనకే చిటికెనవేలు, ఆ తర్వాత అరచెయ్యి మొత్తం. కొయ్యతొట్టి చిన్నగా పలుకుతోంది.

"అమ్మా, చేతులు" అంది నౌబహార్.

గుల్బెగిమ్ గబుక్కున చేతులు ఒళ్ళోకి లాక్కుంది. డెబ్బైయేళ్ళ మనిషి, చక్కెర దొంగిలిస్తూ దొరికిపోయిన పిల్లలా మొహం పెట్టింది.

"పిండి అంటుకుంటే దులుపుతున్నానే."

"దులుపుకోవడానికి దరువెందుకు?"

గుల్బెగిమ్ రొట్టె తుంచి చాయ్‌లో వేసుకుని తలొంచుకుని తినసాగింది. ఇంటి నడిమి స్తంభానికి వేలాడదీసిన డప్పు ముఖం గోడవైపు తిరిగి ఉంది. నౌబహార్ తండ్రి మిర్జోషో పోయిన రోజున దాన్ని అలా తిప్పారు. అప్పుడు వాళ్ళ ఊరు ఖోరోగ్ చుట్టూ కొండల మీద మంచు మోకాలిలోతు ఉంది. ఇప్పుడు ఆప్రికాట్లు పూసి, రాలి, పిందెలు కూడా వేశాయి.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో చావు జరిగినా వీధి మొత్తం డప్పులు ముట్టరు. నలభయ్యో రోజు దాటాక ఇరుగుపొరుగు వాళ్ళే రొట్టెలూ డప్పూ పట్టుకుని ఆ ఇంటికి వస్తారు. పోయిన మనిషి భార్య, పిల్లలు, ఇంట్లో ఎవరుంటే వాళ్ళంతా డప్పు అందుకుని ఒక్కొక్క దెబ్బ కొట్టాలి. దాన్ని సంతాపం విప్పడం అంటారు. ఇంట్లో ఒక్కరు చెయ్యి వెనక్కి తీసుకున్నా సరే, తెచ్చినవాళ్ళు డప్పుని శాలువా కింద పెట్టుకుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోతారు. మిర్జోషో ఇంటికి అలా రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ వెళ్ళారు. చెయ్యి వెనక్కి తీసుకున్నది నౌబహార్.

ఎవరూ తప్పు పట్టలేదు. పెళ్ళి చేసుకోకుండా అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయిన కూతురు, తండ్రంటే ప్రాణం, ఇంకా తేరుకోలేదు పాపం అనుకున్నారు. నిజం చెప్పాలంటే వీధికి ఆ మౌనం చాలా బరువుగానే ఉంది. ఎదురింటి దౌలత్‌మో ముంగిట్లో ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం మధ్యాహ్నం డప్పుల కూటం జరిగేది. దానికి గురువు లేడు, పేర్లు రాయడం లేదు, రావద్దనడం అసలే లేదు. ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చేది, ఉత్తరాలు పంచే ఆమె సంచీతో సహా వచ్చేది. డప్పు లేనివాళ్ళకి పళ్ళెం ఇచ్చేవారు, పళ్ళేలు అయిపోతే చప్పట్లు. గుడ్లు కొనుక్కుపోదామని వచ్చినవాళ్ళు ఆ సంగతే మర్చిపోయి, పొద్దు కుంకాక ఖాళీ బుట్టతో ఇంటికి పోయేవారు. వారమంతా ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకున్నవాళ్ళు కూడా అక్కడ పక్కపక్కనే కూర్చుని వాయించి, నవ్వుకుంటూ లేచిన రోజులున్నాయి.

వీధిలో ఆ కూటానికి పోనివాళ్ళు ఇద్దరే, మిర్జోషో, ఆయన కూతురు. నౌబహార్‌కి తాళం ఉండేది కాదు. ఆయనకేమో ఆదివారం వచ్చిందంటే మోకాలినొప్పి. గుల్బెగిమ్ డప్పు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాక తండ్రీకూతుళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని అక్రోట్లు పగలగొట్టుకునేవారు. నౌబహార్ ఆయన మోకాలికి నూనె రాసేది. ఆమె లెక్కల టీచరయ్యాక పిల్లల పరీక్ష కాగితాలు అక్కడే పరిచేది, ఆయన తప్పుల్ని చూసి పడీపడీ నవ్వేవాడు. మనిద్దరం డప్పు ముట్టని జాతి అని ఆమె అంటే, అవునమ్మా, మనదొక చిన్న దేశం అనేవాడు.

చాయ్ తాగడం అయ్యేసరికి దౌలత్‌మో వచ్చింది. ఈ యేటి మొదటి మల్బరీపళ్ళు పళ్ళెం నిండా తెచ్చింది. అదీ ఇదీ మాట్లాడి, చివర్లో, తన చిన్నకూతురు పర్వోనా పెళ్ళి వచ్చే ఆదివారమేనని చెప్పింది. మగపిల్లాడి వాళ్ళు ఇక ఆగలేమన్నారట. డప్పులు లేకుండానే చేసేద్దామనుకుంటున్నారట. దువా చదివించి, నాలుగు ముద్దలు పులావు పెట్టి పంపిస్తే సరిపోతుందట.

"మీరేం మనసులో పెట్టుకోకండి" అంది దౌలత్‌మో. "పెళ్ళంటే మనుషులు కలవడమేగా. చప్పుడు లేకపోతే పెళ్ళి కాకుండా పోతుందా ఏమిటి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేశమైనా లేదు. ఉంటే బాగుండునని నౌబహార్‌కి అనిపించింది, తిరిగి ఏదో ఒకటి అనడానికి వీలుండేది. దౌలత్‌మో ఈసారి శాలువా కింద డప్పు తేలేదు. ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

గుల్బెగిమ్ మల్బరీపళ్ళు ఏరుతూ కూర్చుంది. పర్వోనా పుట్టినప్పుడు బొడ్డు కోసింది తనేనని, ఆ పిల్ల నడక నేర్చింది కూడా ఆ డప్పుల మధ్యేనని గొణుక్కుంది. డప్పు లేకుండా ఆ ఇంటి నుంచి పెళ్ళికూతుర్ని పంపడమంటే నోరు నొక్కి పంపడమే అంది.

నౌబహార్ గిన్నెలు కడుగుతున్నదల్లా వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నాన్న కోటు వాసన ఇంకా పోలేదు. నీకు వాయించుకోవాలని ఉంది."

"ఉంది" అంది గుల్బెగిమ్. "లేదని ఎందుకనాలి?"

"నువ్వు ఏడవడం కూడా నేను సరిగ్గా చూడలేదమ్మా. తొట్టి మీద కొడతావు, గిన్నె మీద కొడతావు, దుప్పటి మీద కొడతావు. ఆయన బతికున్నప్పుడూ అంతే. ఆయన్ని ఆ మోకాలితో వదిలేసి డప్పేసుకుని పోయేదానివి. ఒక్క ఆదివారం, ఒక్కటంటే ఒక్క ఆదివారం ఆగావా? నూనె రాసింది నేను. పక్కన కూర్చుంది నేను."

గుల్బెగిమ్ మొహం ఎర్రబడింది. లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చుంది.

"ఆ మోకాలికి ఏమీ లేదే" అంది.

నౌబహార్‌కి అర్థం కాలేదు.

"సోమవారం పొద్దున్న అదే మోకాలితో కొండెక్కి గడ్డిమోపు తెచ్చేవాడు. మంగళవారం దిగి ఏరు దాటేవాడు. ఒక్క ఆదివారమే నొప్పి. ఊరందరి పిల్లలకీ లెక్కలు చెప్తావే, ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదా?"

నీళ్ళు కారుతున్న గిన్నె నౌబహార్ చేతిలో అలాగే ఉండిపోయింది. గుల్బెగిమ్ అప్పుడు చెప్పింది. ఆ సంగతి చెప్పనని మొగుడికి మాటిచ్చింది. కానీ మాట తీసుకున్నవాడు పోయాడు, మాట పట్టుకుని తను కూతురి చేత మాటలు పడుతోంది. ఇక దాచడమెందుకనుకుంది.

ఆ లోయలో ఒకప్పుడు మిర్జోషో అంత వాయించేవాడు లేడు. అది నౌబహార్‌కీ లీలగా గుర్తే, మోకాలి వల్లే మానేశాడనుకుంది. వాళ్ళిద్దరికీ మాటలు కలిసింది ఆ కూటంలోనే. పెళ్ళయ్యాక కూడా అక్కడ పక్కపక్కనే కూర్చునేవారు. నౌబహార్ తన తొమ్మిదో ఏట మేనత్త పెళ్ళిలో డప్పు పట్టుకుని అందరితోపాటు మొదలుపెట్టింది, తాళం తప్పింది, పెద్దవాళ్ళు ముద్దుకే నవ్వారు. పిల్ల డప్పు కింద పెట్టేసి బయటికి పరుగెత్తింది. గుల్బెగిమ్ వాయింపులో మునిగి చూడనే లేదు. ఆయన చూశాడు. ఆ తర్వాతి ఆదివారం పిల్ల రానని తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన వేసుకున్న బూట్లు విప్పేసి, అబ్బా, మోకాలు పట్టేసింది, నేనూ రాలేను అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళు" అంది నౌబహార్. "నా వల్ల ముప్ఫై ఏళ్ళు చెయ్యి ముడుచుకుని కూర్చున్నాడా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఊరుకునేదానివా? నా కోసం ఆగొద్దు, పో అని తరిమేసేదానివి. నీ సంగతి ఆయనకి తెలీదూ?" గుల్బెగిమ్ గొంతు మెత్తబడింది. "ఏడవకు. పూర్తిగా విను. నువ్వు కాలేజీకి వెళ్ళేటప్పుడు నేనే అడిగాను. పిల్ల పెద్దదైంది కదా, ఇక రావయ్యా, నా పక్కన చోటు ఖాళీగా ఉంది అన్నాను. ఏమన్నాడో తెలుసా? నాకిక్కడ బాగుందే అన్నాడు. దాని కబుర్లు వింటుంటే డప్పు గుర్తు రావట్లేదు, నువ్వెళ్ళి నా వాటా కూడా వాయించిరా అన్నాడు."

ఆవిడ రెండు అరచేతులూ చాపి చూపించింది.

"ఇద్దరి వాటా వాయించానే ఇన్నేళ్ళూ. నీకు నా ఏడుపు కనిపించలేదన్నావు. నాకు కళ్ళల్లోంచి రాదు, నేనేం చెయ్యను? అదంతా ఇదిగో, ఇక్కడ ఆగిపోయింది. పొద్దున్న లేస్తే చేతులు బరువు. తొట్టి మీద కొట్టనా, ఎక్కడ దింపుకోను?"

నౌబహార్ గిన్నె కింద పెట్టి తల్లి ఎదురుగా కూలబడింది. ఆ చేతుల్ని పట్టుకుంది. వీధి నోరు తను ఎందుకు కట్టేసి కూర్చుందో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. తండ్రి మీద గౌరవం అనుకుంది, అందరికీ అదే చెప్పింది. అది కాదు. డప్పులు మొదలైతే ఆదివారం తిరిగి వస్తుంది. అమ్మ వెళ్ళిపోతుంది. పొయ్యి దగ్గర ఆ చిన్న దేశంలో తనొక్కతే మిగులుతుంది.

"నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలమ్మా" అంది. నలభై దాటిన ఆడది, పసిపిల్లలా అంది.

"నిన్నెవరు ఉండమన్నారే పిచ్చితల్లీ. దౌలత్‌మో ముంగిలికి తలుపే లేదు కదా."

తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నౌబహార్ వెక్కివెక్కి ఏడ్చింది. గుల్బెగిమ్ చెయ్యి ఆమె వీపు నిమురుతూ నిమురుతూ, తెలియకుండానే మెల్లగా దరువు వేసింది. ఈసారి నౌబహార్ ఆపమనలేదు.

డప్పు తెమ్మని ఇంటివాళ్ళు అడగడం పద్ధతి కాదు. అయినా మొహం కడుక్కుని నౌబహార్ ఎదురింటికి వెళ్ళింది. దౌలత్‌మో పెళ్ళికి బియ్యం ఏరుతోంది. అత్తా, ఇంకొక్కసారి మా ఇంటికి వస్తారా అని మాత్రం అడిగింది. దౌలత్‌మో చేతిలో చేట కింద పెట్టి, ఏమిటి, ఎందుకు అని అడక్కుండా ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వీధి వీధంతా రొట్టెలతో వచ్చింది. పొయ్యి సెగకి డప్పు కాచి గుల్బెగిమ్ చేతికిచ్చారు. ఆవిడ ఒక్క దెబ్బ కొట్టింది. పైకప్పు కిటికీలోంచి పావురాలు లేచిపోయాయి. ఆ తర్వాత నౌబహార్ అందుకుంది. తోలు మధ్యలో అరచేత్తో చరిచింది, తడిబట్ట ఉతికినట్టు మోగింది. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ వెళ్ళి స్తంభం మీది డప్పుని ఇటు తిప్పింది. దౌలత్‌మో కళ్ళు తుడుచుకుంటూ, పర్వోనాకి చెప్పిరండి ఎవరైనా అంది.

ఆదివారం మధ్యాహ్నం పెళ్ళికూతుర్ని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ కూటం కట్టారు. నౌబహార్ తనకి పళ్ళెం చాలంది. గుల్బెగిమ్ వినిపించుకోకుండా డప్పు చేతిలో పెట్టి, పక్కన ఇన్నేళ్ళూ ఖాళీగా ఉంచుకున్న చోటు చూపించింది.

మొదలుపెట్టిన కాసేపటికే తాళం తప్పింది. అందరి చేతులూ పడ్డాక ఆమె చెయ్యి పడుతోంది. తొమ్మిదేళ్ళ వయసునాటి వేడి చెవుల్లోకి పాకింది. డప్పు దించబోయింది. అప్పుడు కుడివైపు నుంచి వేరే ఏదో వినిపించింది. గుడ్లమ్మే ముసలాయన అసలు ఇంకేదో పాటకి వాయిస్తున్నాడు, కళ్ళు మూసుకుని, మహా ఆనందంగా. అటుపక్క ఉత్తరాలామె అందరికన్నా ముందు పరుగెడుతోంది. డాక్టరమ్మ ప్రతి మూడో దెబ్బా వదిలేస్తోంది. నౌబహార్ ఒక్కొక్కరినే చూసింది. ముప్ఫై ఏళ్ళుగా గోడకి అవతల కూర్చుని విన్నప్పుడు ఒక్క చెయ్యి వాయించినట్టు ఉండేది. ఇక్కడ సగం మంది తప్పుతున్నారు. తప్పినవాళ్ళని మిగతావాళ్ళు మోస్తున్నారు, ఇంకాసేపటికి మోసినవాళ్ళు తప్పుతున్నారు.

"అమ్మా, వీళ్ళెవరికీ రాదు" అంది తల్లి చెవిలో.

"ఆ మాట పైకి అనకు" అంది గుల్బెగిమ్, చెయ్యి ఆపకుండా. "వస్తుందనుకుంటున్నారు."

నౌబహార్‌కి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్నకి ఈ సంగతి తెలుసు, తెలిసీ ఒక్కసారి కూడా రమ్మని బలవంతం చెయ్యలేదు. ఆమె డప్పు మళ్ళీ గుండెకి ఆనించుకుని, తనకి వచ్చినట్టే, కాస్త ఆలస్యంగా, గట్టిగా కొట్టసాగింది. మధ్యలో పర్వోనా లేచి చేతులు చాచి తిరగసాగింది. ఎక్కడో ఒకచోట తన చెయ్యీ తల్లి చెయ్యీ కలిసి పడ్డాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి.

చివరికి అందరూ అలిసిపోయి ఆపారు. పులావు మూత తీశారు. చేతులు కడుక్కోవడానికి ఒక్కొక్కరే లేస్తున్నారు. నౌబహార్ అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆమె మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"పులావు ఎక్కడికీ పోదు కదా" అంది. "ఇంకొక్కసారి వాయిద్దామా?"