కారణం చెప్పి బయటికి వెళ్ళండి

ఆర్మస్‌కి నేనంటే పడదని మొదటి మీటింగ్‌లోనే తేలిపోయింది.

"సైకిల్ షెడ్డుకి కొత్త తాళం కొందాం," అన్నాను నేను.

"ఎన్ని కొటేషన్లు తెచ్చావ్?" అన్నాడు.

"తాళానికా?"

"తాళానికే."

"ఒకటి తెచ్చా."

"మూడు తెస్తే మాట్లాడుకుందాం." అనేసి కాఫీ కప్పులోకి తల దించేశాడు. ఆ కప్పులో ఏముందో, నా మొహంలో ఏం లేదో నాకు తెలీదు.

నేనసలు ఈ బోర్డులోకి రావాలనుకోలేదు. టాంపెరె ఊళ్ళో మా బిల్డింగ్ వార్షిక సమావేశంలో "బోర్డులోకి ఎవరొస్తారు?" అని అడగ్గానే జనమంతా తమ బూట్లని అప్పుడే కొన్నట్టు చూసుకుంటారు. జీతం లేదు, తిట్లు మాత్రం బోలెడు. కొత్తగా వచ్చినదాన్ని, ఆ సంగతి తెలీక తలెత్తాను. అంతే. "సైమి ఒప్పుకుంది, సంతోషం," అన్నారు ఛైర్మన్ హెల్కా గారు. ఆవిడ పిల్లలకి ఈత నేర్పి నేర్పి రిటైరయ్యారు. మనుషుల్ని నీళ్ళలోకి తోసేయడం ఆవిడకి అలవాటే.

నేను తలెత్తిన మరుక్షణం వెనక వరసలో ఇంకో తల లేచింది. అది ఆర్మస్‌ది. సరిగ్గా నా కింద ఫ్లాట్‌లో ఉంటాడు. హైస్కూల్లో లెక్కల టీచరు. బేస్‌మెంట్ సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, శుక్రవారం నా టర్న్ అయ్యాక అతని టర్న్. నేను ఉడికించిన బీట్‌రూట్‌లా ఎర్రబడి బయటికొచ్చే వేళకి, టవల్ భుజానేసుకుని తలుపు దగ్గర నించుని ఉంటాడు.

"హెయ్," అంటాడు.

"హెయ్," అంటాను.

ఏడాదిగా మా ఇద్దరి సంభాషణ ఇదే. దీనికైనా కొటేషన్లు అడగలేదు, నా అదృష్టం.

ఇక నా గొడవకి వస్తాను. నా ఫ్లాట్‌లో ఒక మగ్గం ఉంది. చేనేత బడి ఒకటి మూసేస్తూ ఊరికే ఇస్తుంటే ఆవేశపడి తెచ్చుకున్నాను. పగలంతా ఆఫీసులో కోడ్ రాస్తాను. అందులో తప్పు ఎక్కడుందో వెతకడానికే సగం జీవితం పోతోంది. మగ్గం మీద తప్పు చేస్తే అది ఎదురుగానే కూర్చుని నన్ను చూసి నవ్వుతుంది. పాత దుప్పట్లూ చొక్కాలూ చింపి, ఆ పీలికలతో తివాచీలు నేస్తాను. ఒక్కో వరసా బిగించినప్పుడల్లా ధబ్‌మంటుంది. సాయంత్రమంతా ధబ్, ధబ్.

ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో చెప్పరు, అది మా దగ్గర పద్ధతి. నెలాఖరుకల్లా మగ్గం ఫ్లాట్‌లోంచి పోవాలన్నారు. చప్పుడు పైనుంచి కిందికే కదా పోతుంది? కింద ఉండేది ఎవరు? లెక్కల టీచరు. ఈ లెక్క నేను కూడా చేయగలను.

మిగిలిన దారి ఒకటే. సౌనా పక్క వరండాలో, ఒకప్పుడు దుప్పట్లకి ముడతలు తీసే పెద్ద మెషిన్ ఉన్న గది ఇప్పుడు ఖాళీగా పడి ఉంది. దాన్ని నాకు అద్దెకివ్వమని బోర్డుని అడిగాను. ఇవ్వకపోతే పక్కూరు కంగసాల నుంచి ఒకాయన ట్రైలర్ వేసుకొచ్చి నా మగ్గం కొనుక్కుని పట్టుకుపోతాడు. కొలతలు కూడా తీసుకెళ్ళాడు. ఆయన టేపు పట్టుకుని కొలుస్తుంటే, పెళ్ళిచూపుల్లో మన పిల్లనే ఎవరో బేరమాడుతున్నట్టు అనిపించింది.

బోర్డులో మేం ఐదుగురం. హెల్కా గారు నా వైపు. కౌకో గారు వ్యతిరేకం. ఆయన రిటైరైన బస్ డ్రైవర్. "బోర్డులో కూర్చున్నవాళ్ళే బోర్డు గదులు పంచుకుంటారా? వెనకటికో ఛైర్మన్ బట్టలారేసే గదిలో పడవ మోటారు పెట్టుకుని, బోర్డు నిర్ణయం అన్నాడు," అని వారం నుంచీ లిఫ్ట్‌లో కనబడ్డవాళ్ళందరికీ చెప్తున్నారు. తాయిమి గారు అల్లిక సూదులు ఆపకుండా, చివర మాట్లాడినవాళ్ళకే ఓటేస్తారు. చివర మాట్లాడేది ఎప్పుడూ కౌకో గారే. నా విషయానికి నేను ఓటేయకూడదు. కాబట్టి ఆర్మస్ నా వైపుంటే రెండూ రెండూ, అప్పుడు ఛైర్మన్ మాటే చెల్లుతుంది. లేదంటే ట్రైలర్.

అంటే నా మగ్గం మీద ఫిర్యాదు చేసినవాడి చేతిలోనే నా మగ్గం. భలే.

మీటింగ్ రోజు బయట వానా కాదు, మంచూ కాదు, ఏదో తేల్చుకోలేనిది కురుస్తోంది. హెల్కా గారు దాల్చినచెక్క బన్నులు పంచి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"మొదటి విషయం సైమి గది. సైమీ, ఇది నీ సొంత విషయం. బయటికెళ్ళి కూర్చో తల్లీ."

లేచాను. వెనకాలే ఇంకో కుర్చీ కిర్రుమంది.

"నేను కూడా వెళ్ళాలి," అన్నాడు ఆర్మస్.

"నువ్వెందుకు?"

"ఈ విషయంలో నేను కూర్చోకూడదు."

"సరే, కారణం? మినిట్స్‌లో రాయాలి."

"బయటికెళ్ళొచ్చి చెప్తాను."

"కారణం చెప్పి బయటికెళ్తారు బాబూ. బయటికెళ్ళి కారణం చెప్పరు."

అతను చెవుల దాకా ఎర్రబడి, చేతిలో సగం బన్నుతో అలాగే బయటికి నడిచాడు. నేను అక్కడే నిలబడిపోయాను. కాళ్ళ కింద నుంచి ఓటు ఒకటి జారిపోయింది.

బయట అంటే పక్కనే ఉన్న సౌనా బట్టలు మార్చుకునే గది. లోపల రాళ్ళు పేర్చిన పొయ్యి ఎవరి కోసమో అప్పుడే వేడెక్కుతోంది. చెక్క వాసన. బెంచీ మీద ఆ చివర అతను, ఈ చివర నేను.

"నువ్వు నాకు చుట్టమా?" అన్నాను.

"కాదు."

"ఆ గది నీక్కావాలా?"

"వద్దు."

"మరెందుకొచ్చావ్? నీ ఒక్క ఓటు లేకపోతే నా మగ్గం పోతుంది, తెలుసా?"

"తెలుసు. లెక్కేసుకున్నా."

"లెక్కేసుకుని మరీ! ఫిర్యాదు చేసింది చాల్లేదా?"

అతని చేతిలో బన్ను ఆగిపోయింది. "ఎవరు?"

"నువ్వే! కింద ఉండేది నువ్వేగా?"

"నేనా? నేనెందుకు చేస్తాను? ఆ చప్పుడు లేకపోతే నాకు పని జరగదు."

"ఏంటీ?"

"నీ ధబ్ ధబ్ వింటూనే పరీక్ష పేపర్లు దిద్దుతాను. ఒక్కోసారి ఆగిపోతావ్. కాసేపటికి 'ఛీ' అంటావ్. తప్పు దొరికిందన్నమాట. మళ్ళీ నువ్వు మొదలుపెట్టేదాకా నేనూ పెన్ను పక్కన పెట్టేస్తాను."

నాకేం అర్థం కాలేదు. ఏడాదిగా "హెయ్" తప్ప మాట రానివాడు, నా "ఛీ" వింటున్నాడట.

"అయితే ఫిర్యాదు చేసిందెవరు?"

"నేనే!" అంది గోడ.

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పైన గాలి కోసం పెట్టిన కన్నంలోంచి కౌకో గారి గొంతు మళ్ళీ వచ్చింది. "పైపుల్లోంచి మా వంటగదిలోకి వస్తోంది ఆ చప్పుడు! పాపం కుర్రాణ్ణి ఎందుకంటావ్?"

"మీరంతా వింటున్నారా?" అన్నాను.

"వినట్లేదు," అన్నారు హెల్కా గారు. "వినబడుతోంది. ఆర్మస్, కారణం ఇంకా రాలేదు. తాయిమి పెన్ను పట్టుకుని కూర్చుంది."

ఆర్మస్ కన్నం వైపు చూశాడు. తర్వాత నా వైపు. కాఫీ కప్పు అందుబాటులో లేదు, పాపం.

"నీకు గది వస్తే మగ్గం నా నెత్తి మీంచి పోతుంది," అన్నాడు నెమ్మదిగా. "రాకపోతే నువ్వు అమ్మేస్తావ్. అప్పుడూ పోతుంది. రావాలని ఓటేస్తే నీ కోసం. వద్దంటే నా కోసం. ఏదేసినా బిల్డింగ్ కోసం కాదు. అందుకని లేచొచ్చా."

"మరి ఆ కొటేషన్లు?"

"నువ్వేమన్నా సరే అనాలనిపిస్తుంది. బోర్డు మెంబర్‌కి అది మంచిది కాదు. అందుకే..."

"అందుకే తాళానికి మూడు కొటేషన్లా!"

"రెండడిగితే సరిపోయేదేమో."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మగ్గం పోతోంది, నవ్వేంటి నాకు?

"బోర్డులోకి అసలెందుకొచ్చావ్?"

"ఆ రోజు అందరూ బూట్లు చూసుకుంటున్నారు. నువ్వు తలెత్తావ్. నేను నిన్ను చూడ్డానికి తలెత్తాను. హెల్కా గారు పట్టేసుకున్నారు."

పొయ్యి మీద రాయొకటి టిక్కుమంది. నా బుగ్గలు సౌనాలోకి వెళ్ళకుండానే ఉడికిపోయాయి. ఇతనంటే నాకు కోపం అని ఏడాదిగా అనుకుంటున్నానే, మరి శుక్రవారం టర్న్ మార్చుకోమని హెల్కా గారు అడిగితే వద్దని ఎందుకన్నాను? ఈ తప్పు ఎక్కడుందో కోడ్‌లో వెతికినట్టు వెతుక్కున్నాను. ఎదురుగానే కూర్చుని ఉంది, చేతిలో సగం బన్నుతో.

"రాసుకున్నారా?" అని కన్నం కేసి అరిచాను.

"'ప్రేమ' అని రాయనా, 'సన్నిహిత సంబంధం' అని రాయనా?" తాయిమి గారి గొంతు.

"ఇంకా సన్నిహితం కాలేదు కదా!" అన్నారు కౌకో గారు.

"మీరు ముందు ఓటేయండి!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

కాసేపు అటువైపు గుసగుసలు. నా గుండె ధబ్, ధబ్. పక్కవాడు దానికీ పేపర్లు దిద్దుతాడేమో. తలుపు తెరుచుకుంది. కౌకో గారే వచ్చి నిలబడ్డారు.

"ఇదిగో అమ్మాయ్. మీ ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఓట్లు పోగేశారనుకున్నా. మాట్లాడుకోవడం కూడా రాదని ఇప్పుడు తెలిసింది. నీకు అనుకూలంగా ఉన్నవాడే లేచి బయటికెళ్ళాడంటే, ఇక నాకేం అభ్యంతరం? గది తీసుకో. పైపులు లేని గోడకి ఆనించి పెట్టు మగ్గం."

"మరి తాయిమి గారు?"

"చివర మాట్లాడింది నేనేగా," అన్నారాయన గర్వంగా.

లోపలికెళ్ళి కూర్చున్నాం. ట్రైలర్ ఆయనకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ బన్ను కొరికాను. హెల్కా గారు కాగితం తిప్పారు.

"రెండో విషయం. బాల్కనీకి అద్దాలు పెట్టుకుంటానని ఆర్మస్ దరఖాస్తు. ఆర్మస్, సొంత విషయం, బయటికి."

అతను నన్ను చూడకుండా లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. మిగిలినవాళ్ళు బూట్ల వైపు చూస్తున్నారు. నేను తలెత్తాను.

"నేను కూడా వెళ్ళాలి," అన్నాను కుర్చీ వెనక్కి జరిపి.

హెల్కా గారు కళ్ళజోడు మీంచి చూశారు. "కారణం?"

"పైన రాసిన కారణమే రాసుకోండి."

తలుపు దగ్గర ఆర్మస్ చెయ్యి హ్యాండిల్ మీదే ఉండిపోయింది.

"హెయ్," అన్నాడు.

"హెయ్," అన్నాను. మా వెనకాల కౌకో గారి కేక వినబడింది. "ఈ బోర్డులో ఇంకొక్కరు ప్రేమలో పడితే కోరం ఉండదు!"

"నా వైపు చూడకు కౌకో," అన్నారు తాయిమి గారు, అల్లిక ఆపకుండా.