ఖాళీగా ఉండాల్సిన తీగ

"నెల తిరిగేలోగా కింద గది బాగు చేయిస్తాం." పోయినేడు మేనేజరు సంతకం పెట్టి తలుపుకి అంటించిన మాట ఇది. కాగితం పసుపుబారింది. గదికున్న చెడ్డపేరు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

మా ఆఫీసు భవనం అడుగున కరెంటు బోర్డులుండే గది అది. పాత ఎలక్ట్రీషియన్ అందులోనే కాలిపోయాడు. నిర్లక్ష్యం అని రాసి ఫైలు మూసేశారు. చచ్చినవాడి మీద నేరం మోపడం కన్నా చవకైన మరమ్మత్తు లేదు కదా! అప్పట్నుంచి రాత్రి పదయ్యేసరికి లోపల ఎవరో మూలుగుతారని, తెల్లారితే ఆగిపోతుందని చెప్పుకుంటారు.

ఆయన స్థానంలో చేరింది మా బాబాయి. బాబాయి చెప్పిందే చెబుతున్నా.

ఆ రాత్రి వరసగా ఐదో డ్యూటీ. రెప్పలు వాలిపోతున్నాయి. మూలుగు మొదలైంది... ముందు సన్నగా, తర్వాత పళ్లు జివ్వుమనేలా.

"వెళ్లకురా అబ్బాయ్..." వాచ్‌మన్ తాత గుసగుసలాడాడు. "వాడే పిలుస్తున్నాడు."

"పిలిస్తే మంచిదే తాతా. ఈ పూటకి డ్యూటీ మార్చుకోమంటా."

తలుపు తోశాడు. మాడు వాసన — మనిషి లేడు. మూలుగుతున్నది ట్రాన్స్‌ఫార్మర్.

కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగలకీ మీటరు పెట్టాడు. మూడూ సమానం. అలాంటప్పుడు తిరుగు తీగ, అదే న్యూట్రల్, దాదాపు ఖాళీగా ఉండాలి. ఆ నమ్మకంతోనే దాన్ని సగం లావుదే వేశారు. పనివాళ్ల అలవాటు కొద్దీ మునివేళ్లు కాకుండా చేతి వెనకవైపు ఆనించాడు...

చురుక్కుమంది!

మీటరు పెట్టాడు. ఖాళీ తీగలో ఫేజు కన్నా ఎక్కువ కరెంటు!

"తాతా... ఈ మూలుగు సరిగ్గా ఎప్పుడు మొదలవుతుంది?"

"పైన రాత్రి షిఫ్టు వాళ్లు కూర్చోగానే."

మూడంతస్తుల కంప్యూటర్లు. కరెంటుని నిదానంగా తాగవు, గుటకలు గుటకలుగా లాగుతాయి. అలా వంకరపోయిన కరెంటు అలలు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవు... పోగుపడతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ని మూలిగించేవీ అవే.

అంతేనా దెయ్యం? బాబాయికి నవ్వొచ్చింది. బోర్డు తలుపు మూయబోయాడు.

లోపలివైపు పెన్సిల్ రాత... "న్యూట్రల్ కాలుతోంది. చెప్పాను." పక్కన తేదీ. దాని కింద మళ్లీ అదే మాట, మరో తేదీ. మొత్తం ఐదు. చివరిది — పాత ఎలక్ట్రీషియన్ పోవడానికి ముందురోజుది.

బాబాయి పెన్సిల్ తీసి ఆరోది రాశాడు. రాసి, మళ్లీ డ్యూటీలో కూర్చున్నాడు. ఎక్కడికి పోతాడు?

అన్యాయాన్ని చూసి ఊరుకోవడమూ అన్యాయమే అంటారు. నేను ఊరుకోను. వంకర అలల్ని పట్టే ఫిల్టరు, లావు తీగ పెట్టాలి. పోయినాయన ఫైల్లో 'నిర్లక్ష్యం' కొట్టేయాలి. మార్చి పదో తేదీలోగా మేనేజరు నుంచి జవాబు కావాలి.

పదకొండో తేదీ రాత్రి డ్యూటీ కూడా బాబాయిదే.