ఆరని ఇస్త్రీ పెట్టె

1943 వేసవి. మహబూబ్‌నగర్‌లో మూడో బంగళా కాలింది. వైర్‌లెస్ ఆఫీసరు అందులోనే పోయాడు.

సీక్రెట్ సర్వీస్ చీఫ్ రామచంద్రం మాడిన కరెంటు ఇస్త్రీ పెట్టెను బల్లమీద పెట్టాడు.

"మూడిండ్లల్ల గిదే దొరికింది. జర్మన్ ఏజెంట్లు మన ఆఫీసర్లకు వీటిని కానుకలిస్తున్నరు. మనోళ్ళకు బొగ్గుల పెట్టె అలవాటు. పనైనంక తడిగోనె మీద పెట్టి పోతరు. బొగ్గులు ఆర్తయి. కరెంటు ఆరదు. గోనె ఎండి అంటుకునేసరికి గదిల ఎవరుండరు."

ఏజెంట్ యోహాను కూర్చోలేదు. మొదటి ఇంట్లో ఆయాగా చేసిన అతని భార్య సత్తమ్మ బయటపడలేదు.

"పంచేదెవరు?"

"మిస్ జెనీ. అసలు పేరు జానమ్మ, ఊరు కోస్గి. డబుల్ ఏజెంట్. మనకూ పనిచేస్తది."

"మనకు చేస్తే ఇండ్లెందుకు కాల్తున్నయ్ సార్?"

చీఫ్ అగ్గిపెట్టె వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం రైల్వే స్టేషన్. యోహాను కరెంటు మిస్త్రీ వేషంలో, ఖాకీ నిక్కరుతో వచ్చాడు. బెంచీ మీద సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు.

"చిట్యాల బస్సు పోయిందా?"

"టైరు పంచరైంది," అని కోడ్ పూర్తిచేసింది జానమ్మ. "నన్ను మద్రాసుకు దాటించు. పనైనంక ఆళ్ళు నన్నుగూడ లేపేస్తరు."

"టార్గెట్ ఎవరు?"

"బ్రిడ్జి ఇంజనీరు దశరథం. పెట్టె పొద్దుగాల్నే ఇచ్చిన. రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు."

"మొదటి ఇంటికిచ్చింది నువ్వేనా?"

"ఆయా ఉన్నదని నాకు తెల్వదన్నా."

"అన్నా అనకు."

ఆమెను బెంచీకి బేడీలేసి, సైకిలెక్కాడు.

ఇంజనీరు ఇంటి పెరట్లో పనిమనిషి పుల్లమ్మ గిన్నెలు తోముతోంది.

"ఇస్త్రీ అయిందా?"

"ఎప్పుడో అయిపాయె. గోనెమీద పెట్టిన. గదే సల్లవడ్తది."

కిటికీలోంచి పొగ. లోపల గోనె మండుతోంది. మంట పరదా ఎక్కి, ఇంజనీరు పడుకున్న గది తలుపు అందుకోబోతోంది. పుల్లమ్మ బిందె ఎత్తింది.

"పొయ్యకు. కరెంటుంది, సస్తవ్."

యోహాను వరండాలోకి ఉరికి మెయిన్ ఫ్యూజు పీకాడు.

"ఇగ పొయ్యి."

నీళ్ళు పడ్డాయి. తలుపు సగం మాడింది. దశరథం దగ్గుతూ బయటికొచ్చి, తన చొక్కా ఎక్కడని అడిగాడు.

సాయంత్రానికి జానమ్మ చెప్పిన ఇంట్లో ముఠా మొత్తం దొరికింది. చీఫ్ ఆఫీసులో నిలబడ్డ ఆమె చేతులకు ఇంకా బేడీలే.

"బేడీలిప్పు గదయ్యా," అన్నాడు చీఫ్. "మన మనిషే గదా."

"అందుకే పాణంతోని తెచ్చిన సార్," అన్నాడు యోహాను.